పందొమ్మిది అరటిపండ్ల పెట్టెలకు ఒక గొయ్యి

కంట్లో శుక్లం తీయించుకోకపోయి ఉంటే పెర్లా కన్‌ఫోర్టికి ఈ తంటా వచ్చేదే కాదు. మూడేళ్ళుగా లోకాన్ని పల్చటి మజ్జిగలోంచి చూస్తున్నట్టు చూస్తూ ఆవిడ హాయిగానే ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరు వారం రోజులు కళ్ళకు పని పెట్టొద్దన్నాడు. ఎనిమిదో రోజు పొద్దున్నే ఆవిడ యూదు సమాజ భవనానికి వెళ్ళి, చేతులు కడుక్కుంటూ, మరుగుదొడ్డి గోడ మీది నోటీసు చదివింది. "దయచేసి తొట్టిలో కాగితాలు వేయకండి." అచ్చుతప్పులు లేవు, కామా ఒకటి ఎక్కువైంది, అంతే. తర్వాత చూపు కాగితం పైభాగానికి వెళ్ళింది. అక్కడ సన్నటి నీలి అక్షరాల్లో ఒక హీబ్రూ వాక్యం ఉంది. దాన్ని కూడా చివరిదాకా చదివి, తడిచేతులతోనే గోడకు ఆనుకుంది.

డాన్యూబ్ ఒడ్డున ఉన్న బెలోబ్రెగ్ పట్టణంలో చదవడం అనే జబ్బు ఇంతగా ముదిరిన మనిషి మరొకరు లేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరి దినపత్రికలో ప్రూఫ్ రీడరుగా పనిచేసింది. కమ్యూనిస్టు పార్టీ పెద్దల ఉపన్యాసాలు, పంచదార దుంపల దిగుబడులు, పడవల వేళలు, అన్నీ ఆవిడ కళ్ళ కిందనుంచే వెళ్ళేవి. ఉద్యోగం అయిపోయినా అలవాటు వదల్లేదు. మందుసీసా చీటీలు చదువుతుంది, బస్సు టికెట్టు వెనకాల షరతులు చదువుతుంది. అత్తగారి అంత్యక్రియలనాడు అందరూ ఏడుస్తుంటే, పక్క సమాధి రాయి మీద ఒక అక్షరం తలకిందులైందని రాతిపనివాడిని పిలిపించిన ఘనత కూడా ఆవిడదే. హీబ్రూ అక్షరాలు మాత్రం పార్టీ రోజుల్లో తాతగారు నేర్పారు, కిటికీ మూసేసి, పిండి చల్లిన బల్ల మీద వేలితో రాసి.

ఆ నీలి వాక్యం పెట్టింది డాలియా మెవొరాహ్. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, చదువూ ఆచారమూ సామాజిక న్యాయమూ ఒక్క చోటికి తెస్తానని ఏడాది కిందట సోఫియా నుంచి వచ్చింది. వచ్చిన వారంలోనే ఆఫీసు కాగితాలన్నిటికీ తలకట్టుగా, న్యాయం వెంట పడమని చెప్పే ఆ పాత వాక్యాన్ని ఎంచుకుంది. అందులో మొదటి రెండు మాటలు యూదులందరికీ కంఠతా వచ్చు. కాఫీ కప్పుల మీద, గుడ్డ సంచుల మీద ఉంటాయి. ఆ తర్వాత ఏముందో చూసిన పాపాన ఎవరూ పోలేదు.

"డాలియా, ఈ పైనున్నది చదివావా?" అంది పెర్లా, నోటీసు ఆ పిల్ల ముందు పెట్టి.

"చదవకపోవడమేంటి పిన్నీ! మన ప్రాణం కదా అది. న్యాయం, న్యాయం..."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత... ఇంకా న్యాయమే."

"తర్వాత భూమి ఉందే తల్లీ. ఆ భూమి ఎవరిచ్చారో కూడా ఉంది. వేలు పెట్టి చూడు."

డాలియా వేలు పెట్టి చూసింది. దేవుడి నాలుగక్షరాల పేరు, కుదించకుండా, చుక్క తగ్గకుండా, నిండుగా ఉంది. భక్తులు దాన్ని పూర్తిగా రాయరు, రాస్తే ఆ కాగితాన్ని ఇక చించకూడదు, కాల్చకూడదు, చెత్తలో వేయకూడదు. దాని ఆయువు తీరాక మనిషిని పూడ్చినట్టు యూదు శ్మశానంలో పూడ్చాలి. డాలియా ఇంటర్నెట్‌లో కనిపించిన బొమ్మను అందంగా ఉందని తెచ్చి అతికించేసింది.

"ఎన్ని అచ్చేశావు?"

"కొన్నే పిన్నీ."

అచ్చు యంత్రానికి దయాదాక్షిణ్యాలు లేవు. దాని లెక్క ప్రకారం ముప్ఫై ఎనిమిది వేల రెండు వందల పదహారు. నూట ముప్ఫై మంది ఉన్న సమాజం, అందులో సగంమంది కళ్ళజోడు దొరక్క చదవరు. మధ్యాహ్నం భోజనాల జాబితా, లిఫ్టు పనిచేయదన్న నోటీసు, నాట్య తరగతుల ప్రకటన, అన్నిటి నెత్తిన దేవుడే. కాగితం వృథా చేయకూడదన్న పాఠానికి ఒక్కదానికే ఆరు వందల ప్రతులు వేశారు.

సమాజ అధ్యక్షుడు ఇజాక్ అలాజెమ్ పళ్ళ డాక్టరుగా రిటైరయ్యాడు. పెర్లాకు ఒకటో తరగతి నుంచి తోటివాడు. విషయం వినగానే తల పట్టుకుని కూర్చున్నాడు.

"అసలు నువ్వెందుకు చదివావే?"

"అచ్చేసింది చదవడానికి కాదట్రా?"

"ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరూ ఏదీ చివరిదాకా చదవలేదు. సుఖంగా బతికాం. నువ్వూ చదవలేదనుకుందాం. కళ్ళు ఇంకా మసగ్గానే ఉన్నాయనుకుందాం."

"నువ్వనుకో. నావల్ల కాదు."

ఇజాక్ మతగురువు రబ్బీగారికి ఫోన్ చేశాడు. ఆయన నవ్వు ఆపుకున్నాడో ఏడుపు ఆపుకున్నాడో తెలియదు. చివరికి ఒకటే మాట అన్నాడు: ప్రతి కాగితమూ తిరిగి రావాలి, ప్రతి కాగితమూ మట్టిలోకి వెళ్ళాలి.

ఏరుకురావడానికి మూడు వారాలు పట్టింది. చేపల దుకాణంవాడు మాకెరెల్ చేపలు చుట్టడానికి దాచుకున్న కట్టను ముక్కు మూసుకుని వెనక్కి తెచ్చారు. మందుల దుకాణం అద్దం మీంచి ఒకటి గీకి తీశారు. అన్నిటికన్నా కష్టం గుట్ట మీది పేట. అక్కడ అరవై రోమా జిప్సీ కుటుంబాలకు ఒకటే కుళాయి. ఇంకో మూడు కుళాయిలు వేయించాలని డాలియా పోయిన వేసవిలో రెండు వేల కరపత్రాలు పంచింది. పెర్లా తోడు రాగా, ఇప్పుడు అదే మనిషి అవే గుమ్మాల ముందు నిలబడి ఆ కరపత్రాలు తిరిగిమ్మని అడగాల్సి వచ్చింది. సెవ్దా అనే నడివయసు ఆవిడ, కుళాయి దగ్గర బిందె పెట్టుకుని ఉన్నదల్లా, నడుం మీద చేతులు వేసుకుంది.

"నీళ్ళెటూ రాలేదు. ఇప్పుడు కాగితం కూడా పట్టుకుపోతారా?"

"కాగితం మీద దేవుడి పేరుందక్కా," అంది డాలియా, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"అయితే మంచిదేగా? మున్సిపాలిటీవాళ్ళ పేరుంటే ఏమైనా ఒరిగిందా మాకు? ఏం, మా దగ్గరుంటే మాసిపోతాడా మీ దేవుడు?"

సెవ్దా గొణుక్కుంటూనే లోపలికెళ్ళి, ఊగే బల్ల కాలి కింద పెట్టిన ఎనిమిది మడతల కరపత్రాన్ని తెచ్చి చేతిలో పెట్టింది. బల్ల మళ్ళీ ఊగుతుందని పెర్లా తన సంచిలోని అట్టముక్క ఇచ్చి వచ్చింది.

మొత్తం పద్దెనిమిది అరటిపండ్ల పెట్టెలయ్యాయి. ప్రార్థన మందిరంలో మేడ మీద పేర్చారు. చెక్క అంతస్తు మూలిగింది. ఎవరు ఉప్పందించారో గాని అగ్నిమాపక శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు, మెట్లెక్కాడు, దిగాడు, ముప్ఫై రోజుల్లో పెట్టెలు తీయకపోతే తామే లారీ తెచ్చి పాతకాగితాల కర్మాగారానికి పంపిస్తామని రాసిచ్చాడు.

భవనం పెరట్లో పూడ్చుదామా అంటే, రెండడుగులు తవ్వితే రోమన్ కుండలు బయటపడతాయి. పక్కింటివాళ్ళు దొడ్డి గొయ్యి తవ్వినప్పుడు బయటపడ్డాయి, తొమ్మిదేళ్ళయింది, పురావస్తు శాఖవాళ్ళు ఇంకా కుంచెలతో దులుపుతూనే ఉన్నారు. పక్క పట్టణం యూదులను అడిగితే తమ చోటు తమకే చాలడం లేదన్నారు. యూదు శ్మశానం నిండిపోయి నాలుగేళ్ళయింది. ఒక పక్క టైర్ల గోదాము గోడ, మూడు పక్కల రోడ్డు. ఈ మధ్య పోయినవాళ్ళందరూ బస్సు స్టాండు వెనకున్న ఊరి శ్మశానానికే వెళ్తున్నారు. యూదు శ్మశానంలో ఖాళీగా మిగిలిన చోటు ఒకే ఒక్కటి, టైర్ల గోడ పక్కన, నిసిమ్ కన్‌ఫోర్టి సమాధిని ఆనుకుని. అది పెర్లాది.

నిసిమ్ రేవులో మోటారు పడవల మెకానిక్కు. నిద్రలో మాట్లాడేవాడు, నూనె గురించీ బోల్టుల గురించీ. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ మాటలు వింటూ నిద్రపోయిన పెర్లాకు, ఆయన పోయిన ఈ ఆరేళ్ళలో ఒక్క రాత్రీ సరిగ్గా నిద్ర పట్టలేదు. ప్రతి శుక్రవారం వెళ్ళి ఆయన రాయి తుడుస్తుంది. పక్కనున్న తన ఖాళీ చోటునూ ఊడ్చి, అక్కడే పీట వేసుకుని కూర్చుంటుంది. ఆవిడకు లోకంలో ఇంక కావలసిందల్లా ఆ పక్క చోటే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు.

కొత్త ఉపాయం ఇజాక్‌కే తట్టింది. పాత పవిత్ర కాగితాలను పోయిన మనిషితో పాటు పూడ్చే ఆచారం ఉంది కదా అన్నాడు. ఆ మాట నోటినుంచి జారిన క్షణం నుంచీ సమాజ భవనంలో పెర్లాకు దక్కిన మర్యాద అంతా ఇంతా కాదు.

"ఒంట్లో ఎలా ఉంది పెర్లా?" భోజనాల దగ్గర ఒకరి తర్వాత ఒకరు అడిగేవారు.

"బాగానే ఉంది. ఏం చేయను, క్షమించండి," అనేది ఆవిడ సూప్ తాగుతూ. ఒకసారి పొలమారితే నలుగురు లేచి నిలబడ్డారు. వాళ్ళలో ఇద్దరే నీళ్ళ గ్లాసు అందుకున్నారు.

"గడువు ముప్ఫై రోజులే," అన్నాడు ఇజాక్ నిట్టూరుస్తూ. "నీ సంగతి నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ నువ్వు దేనికీ తొందరపడవు."

"నువ్వు ముందు పోరా, నీకు తోడుగా పంపిస్తా."

"నాకక్కడ చోటేది?"

ఇరవయ్యో రోజున డాలియా అందరినీ సమావేశపరిచింది. అంశం: ఒక విధవరాలి గొయ్యి సమాజం అడగవచ్చునా, అది న్యాయమేనా? పెర్లా మూలన కూర్చుని మేజోళ్ళు అల్లుకుంటూ వింది. మూడు గంటలు వాదించుకున్నారు. పొలం మూల పేదలకు వదలాలన్న నియమం ఎత్తుకున్నారు, మూలంటే ఎంత మూల అని తగువు పడ్డారు. గ్రంథాల్లోని పాత రాజులు చేసిన తప్పులు తవ్వారు. ఒకాయన తన ఫ్లాటు పైకప్పు నుంచి నీళ్ళు కారుతున్న సంగతి తెచ్చాడు. చివరికి ఏకగ్రీవంగా తీర్మానించారు: పెర్లాను అడిగే హక్కు ఎవరికీ లేదు, అడగకుండా ఆవిడే ఇస్తే బాగుంటుంది. చర్చకు ఆధారంగా డాలియా పంచిన పాఠం తొమ్మిది పేజీలు, నలభై నాలుగు ప్రతులు. ఖాళీ కాగితాలు పారేయడానికి చేతులు రాక, మిగిలిపోయిన పాత తలకట్టు కాగితాల మీదే అచ్చేసింది.

పెర్లా అల్లిక పక్కన పెట్టి ఒక ప్రతి పైభాగం చూసింది.

"పందొమ్మిదో పెట్టె తీసుకురండి," అంది.

మర్నాడు శ్మశానానికి వెళ్ళి నిసిమ్ రాయి ముందు నిలబడి అందరినీ తిట్టింది. డాలియాను తిట్టింది, ఇజాక్‌ను తిట్టింది, కళ్ళ డాక్టరును ప్రత్యేకంగా తిట్టింది. చదివినందుకు శిక్ష చదివిన మనిషికే పడడం ఏ న్యాయమని అడిగింది. అగ్నిమాపక లారీ వచ్చి ఆ పేరున్న కాగితాలను గుజ్జు చేయడానికి ఎత్తుకుపోవడం కళ్ళముందు మెదిలింది. తెలియకపోతే వేరు, కళ్ళారా చదివాక ఎలా ఊరుకుంటుంది? ఆవిడకు చాలా కోపంగా ఉంది, చాలా భయంగా కూడా ఉంది. బస్సు స్టాండు వెనక తెలియనివాళ్ళ మధ్య పడుకోవాలన్న భయం అది. అయినా అక్కడినుంచి తిన్నగా పట్టణ శ్మశానాల ఆఫీసుకే వెళ్ళింది.

అక్కడి గుమాస్తా స్తాన్కా, ఊలు స్వెట్టరు వేసుకున్న లావుపాటి ఆవిడ, కంప్యూటరు మీంచి తల ఎత్తలేదు.

"పోయినవారి పేరు?"

"కాగితాలు."

"ఇంటిపేరా?"

"కాదమ్మా, కాగితాలే. నా చోటు వాటికి ఇచ్చేస్తున్నా."

స్తాన్కా తల ఎత్తింది. కథంతా విన్నది. పాతికేళ్ళ నౌకరీలో చాలా చూసినట్టుంది, ఆశ్చర్యం కనబడనివ్వలేదు.

"మరణ కారణం?"

"ఎవరూ చివరిదాకా చదవకపోవడం."

"ఆ గడిలో అన్ని అక్షరాలు పట్టవు. 'ఇతరములు' అని వేస్తా. కానీ పేరు లేకుండా నా కంప్యూటరు గొయ్యి తవ్వనివ్వదమ్మా. తోచిందేదో ఒక మనిషి పేరు చెప్పండి. ఇంతకీ ఇది ఇచ్చేస్తే మీరెక్కడికి వెళ్తారు?"

"బస్సు స్టాండు వెనక్కి."

"ఆయన ఇక్కడ, మీరక్కడానా?" స్తాన్కా కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడిచింది. "మాదగ్గర ఒక వెసులుబాటుంది. రక్తసంబంధమైతే ఒకే గోతిలో ఇద్దరిని ఒప్పుకుంటాం, కింద ఒకరు, పైన ఒకరు. అన్నకీ అక్కకీ కుదరదు. తల్లి, తండ్రి, బిడ్డ, అంతే. మీకు పిల్లలున్నారా?"

పెర్లా సంచి పిడి సర్దుకుంది.

"ఒక ఆడపిల్ల ఉండేది. పదకొండు రోజులు."

అది నలభై నాలుగేళ్ళ కిందటి చలికాలం సంగతి. బిడ్డను ఆస్పత్రివాళ్ళే తీసుకుపోయారు, ఎక్కడ పెట్టారో చెప్పలేదు, ఆ రోజుల్లో అడిగేవాళ్ళూ లేరు. యూదుల ఆచారంలోనూ నెల నిండని బిడ్డకు దుఃఖదినాలు లేవు. ఏడు రోజులు నేల మీద కూర్చోవడం లేదు, ఎవరూ ఉడికించిన గుడ్లు పట్టుకుని గుమ్మంలోకి రారు. తల్లిదండ్రుల మీద భారం పడకూడదని పెద్దలు పెట్టిన నియమమట. ఆ దయ పుణ్యమా అని ఎవరూ పలకరించలేదు. నిసిమ్ మర్నాడు పడవ ఇంజన్ విప్పడానికి వెళ్ళాడు, పెర్లా వారానికల్లా పత్రికాఫీసుకు వెళ్ళి పంచదార దుంపల దిగుబడి దిద్దింది.

స్తాన్కా వేళ్ళు అక్షరాల పలక మీద ఆగి ఉన్నాయి.

"పేరు?"

"లూనా."

స్తాన్కా ఆ పేరు టైపు చేసింది. తర్వాత తెరను పెర్లా వైపు తిప్పింది. లూనా నిసిమ్ కన్‌ఫోర్టి. బంధుత్వం: బిడ్డ. గొయ్యి కింది భాగం.

"చూసుకోండమ్మా. తప్పు లేదుగా?"

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క తప్పును తెలిసి తెలిసి వదలని మనిషి ఆ వరుసను మూడుసార్లు చదివింది.

"లేదు," అంది.

బుధవారం పొద్దున్న పూడ్చారు. పెట్టెలు మోయడానికి జనం చాలలేదు. న్యాయం మీద మూడు గంటలు మాట్లాడినవాళ్ళలో చాలామందికి ఆ పూట నడుంనొప్పి వచ్చింది. సెవ్దా తన మొగుడితో, తోపుడుబండితో గుట్ట దిగి వచ్చింది. మా కాగితాలు కూడా ఉన్నాయిగా అంది. కుళాయిల సంగతేమైందని పెర్లా అడిగితే, ఆ బండిమీదే బిందెలు మోస్తున్నామని చెప్పింది. డాలియా చెప్పులు విప్పి గోతిలోకి దిగి పెట్టెలు అందుకుంది. చేపల వాసన పెట్టె ఎక్కడ పెట్టాలని పైనుంచి ఎవరో అడిగారు. నా తల వైపు వద్దు అని పెర్లా గట్టిగా చెప్పింది.

సగం లోతు మట్టి కప్పాక ఇజాక్ ప్రార్థన చదవడానికి జేబులు తడుముకున్నాడు. చేతికి వచ్చింది ప్రార్థన కాదు, ఆఫీసువాళ్ళిచ్చిన అనుమతి పత్రం. కళ్ళజోడు సవరించుకోకుండా అదే అనుకుని గొంతెత్తి మొదలెట్టాడు.

"లూనా... నిసిమ్... కన్‌ఫోర్టి. బంధుత్వం..."

ఆగిపోయాడు. ఆ చలికాలం ఆస్పత్రి మెట్ల మీద నిసిమ్‌తో సిగరెట్లు కాల్చింది అతనే. ఆ తర్వాత నలభై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు, ఎత్తకూడదనే అనుకున్నాడు. పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముక్కు చీదాడు. తర్వాత పక్కనున్నాయన భుజం పట్టుకుని ఇటు జరిపాడు, ఇంకొకరిని అటు జరిపాడు.

"ఏం చేస్తున్నావురా?" అంది పెర్లా.

"నోర్ముయ్యవే," అన్నాడు ఇజాక్.

పూడ్చాక అయినవాళ్ళను రెండు వరుసల మధ్యనుంచి నడిపించి, వెళ్తుంటే ఓదార్పు మాట చెప్పడం యూదుల పద్ధతి. అందరికీ అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే వరుసలు కట్టారు. గోతిలోంచి మట్టికాళ్ళతో పైకొచ్చి డాలియా ఒక వైపు నిలబడింది. సెవ్దాకు పద్ధతి తెలియదు, అయినా మొగుణ్ణి పక్కకు లాగి ఇంకో వైపు నిలబడింది. చివర్లో స్తాన్కా కూడా ఉంది. గొయ్యి కింది భాగం నిండిందని సంతకం పెట్టడానికి వచ్చింది.

పెర్లా నడవడం మొదలెట్టేటప్పటికి ఆవిడకు నవ్వే వచ్చింది. అరటిపండ్ల పెట్టెలకు తల్లినయ్యాను అనుకుంది. రెండడుగులు వేసేసరికి మొదటి మనిషి, భోజనాల దగ్గర రోజూ ఆవిడ ఆరోగ్యం అడిగిన ముసలాయన, టోపీ సవరించుకుని, దేవుడు నిన్ను ఓదార్చాలమ్మా అన్నాడు. పక్కావిడా అదే మాట అంది. దాంతో పెర్లాకు ఏడుపు తన్నుకొచ్చింది. ముక్కు కారింది, చేతిరుమాలు దొరకలేదు, కొత్త కంటి ముందు మనుషులందరూ మళ్ళీ మసకబారిపోయారు.

"ఇన్నాళ్ళకా రావడం," అంది గట్టిగా, ఎవరినో తెలియకుండా.

ఒక్కొక్కరూ చెప్పవలసిన మాట చెబుతున్నారు. రెండు వరుసలూ కలిపి ముప్ఫై మంది కూడా లేరు, గేటు ఎంతో దూరం లేదు. తొందరగా అయిపోకుండా పెర్లా చాలా మెల్లగా నడిచింది.